పూల్ లైనర్ మీద మరకలు: ఏం పోయాలన్నది తర్వాత, అది దేని మరకో ముందు చూడండి

సముద్రం పక్కన, తోటల్లో ఇల్లు కట్టి సెలవులకి అద్దెకిచ్చేవాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాగా పెరిగారు. స్విమ్మింగ్ పూల్ లేకపోతే బుకింగులు రావట్లేదని చాలామంది సిమెంటు, టైల్స్ ఖర్చు భరించలేక లైనర్ పూల్, అంటే లోపల ప్లాస్టిక్ షీటు పరిచిన పూల్ వేయించుకుంటున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆ లైనర్ మీద మరకల గురించినవే ఎక్కువ కాబట్టి వాటన్నిటికీ ఒకేసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మైపాడు బీచ్‌కి దగ్గర్లో మాకు చిన్న గెస్ట్‌హౌస్ ఉందండీ. శని, ఆదివారాలు, పండగ సెలవుల్లో ఫ్యామిలీలకి ఇస్తాం. పూల్ 26 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు. నీలం రంగు వినైల్ లైనర్. నీళ్లు మార్చి బోరు నీళ్లతో నింపి బ్లీచింగ్ వేయించాం. తెల్లారేసరికి నీళ్లు టీ రంగులోకి తిరిగాయి, రెండు మూడు రోజులకి తేటపడ్డాయి కానీ మెట్ల మీద, అడుగున గోధుమ రంగు మరకలు పట్టేశాయి. ఒక మూల నల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. నీటి అంచు చుట్టూ జిడ్డు చార. పనివాళ్లేమో బాత్రూం యాసిడ్ పోసి రుద్దితే పోతుందంటున్నారు, ఇంకొకాయన లైనర్ మార్చాల్సిందే అంటున్నాడు. వచ్చినవాళ్లు ఫోటోలు తీసి పూల్ మురికిగా ఉందని రాస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ యాసిడ్ సీసా పూల్ దగ్గర్నుంచి తీయించెయ్యండమ్మా. ఇది చెప్పకుండా మిగతాది చెప్పలేను. బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. లైనర్ అంటే మిల్లీమీటరు మందం కూడా లేని పీవీసీ షీటు, సాధారణంగా అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు మధ్య ఉంటుంది. దాని మీద నీలం రంగు, అలల డిజైను ఉండేది పైపై అచ్చు మాత్రమే. చిక్కటి యాసిడ్ పోసి బ్రష్‌తో రుద్దితే మరక కంటే ముందు ఆ అచ్చు పోతుంది, షీటు మెత్తదనం పోయి గట్టిపడి పగుళ్లు పడుతుంది. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ పడిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పనిచేసే కుర్రాడు ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా అది ఆగదు. ఈ రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టనివ్వొద్దు కూడా.

ఇక మీ మరకల సంగతి. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. బోరు నీళ్లు వచ్చేటప్పుడు తేటగా ఉండి, బ్లీచింగ్ పడగానే టీ రంగుకి తిరిగాయన్నారు కదా, అది ఇనుము. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. క్లోరిన్ తగలగానే అది తుప్పుగా మారి, నీళ్లలో తేలి, నెమ్మదిగా కిందికి దిగి మెట్ల మీద, అడుగున కూర్చుంటుంది. అంటే నీళ్లు తేటపడటం అనుకున్నది నిజానికి ఆ తుప్పు లైనర్ మీదికి చేరడమే. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, ఇనుము మరకలు పట్టడం మొదలుపెడుతుంది. మరక ఎర్ర గోధుమ రంగులో, ఒక చోట ముద్దగా కాకుండా పొరలాగా పరుచుకుని ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

అయినా ఊహ మీద మందులు కొనొద్దు. మెడికల్ షాపులో విటమిన్ సి మాత్రలు దొరుకుతాయి, రంగు వెయ్యని తెల్లవి అడగండి, ఎందుకంటే నారింజ రంగు మాత్రలు వాటి రంగు అవి దించుతాయి. నీళ్లలోకి దిగి, మెట్టు మీద మరక మీద ఆ మాత్రని ఒక నిమిషం పాటు అదిమి పట్టుకోండి. తీసి చూస్తే మాత్ర ఉన్న మేర గుండ్రంగా తేటపడి కనిపించిందా, అది లోహం మరకే, ఇంక అనుమానం అక్కర్లేదు. ఏ మార్పూ లేకపోతే అది ఆకుదో, పాచిదో, లేకపోతే లైనర్ అడుగు నుంచి వచ్చిందో. ఇదే పరీక్ష ఆ నల్ల మచ్చల మీద కూడా విడిగా చెయ్యండి, గోధుమ మరక, నల్ల మచ్చ రెండూ ఒకటే జాతి అనుకోవడానికి లేదు.

పరీక్షలో లోహమని తేలితే పూల్ మొత్తానికి చేసే వైద్యం కూడా ఆ విటమిన్ సి తోనే, అంటే ఆస్కార్బిక్ యాసిడ్ పొడి. లెక్క ఎలాగంటే, పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28.3 తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మీ పూల్ 1,352 ఘనపుటడుగులు, సుమారు 38,000 లీటర్లు. వెయ్యి లీటర్లకి 12 గ్రాముల దాకా పడుతుంది కాబట్టి మీకు 450 గ్రాముల లెక్క. అంతా ఒక్కసారి వెయ్యొద్దు. సగం వేసి చూడండి, మరక తేలిగ్గా ఉంటే సగంతోనే వదిలేస్తుంది.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని నెల్లూరు, ఒంగోలు వైపు ఏ ఆక్వా షాపులో అడిగినా విటమిన్ సి పౌడర్ ఇస్తారు, మేతలో కలిపేది. అందులో చాలావాటికి మేతలో పాడవకుండా పైన పూత ఉంటుంది, కొన్ని ఫాస్ఫేట్ రూపంలో ఉంటాయి. పూత ఉన్నది నీళ్లలో సరిగ్గా కరగదు, ఫాస్ఫేట్ ఉన్నది పాచికి తిండి పెట్టినట్టవుతుంది. పూత లేని, 99 శాతం ఆస్కార్బిక్ యాసిడ్ అని ప్యాకెట్ మీద చదివి మరీ తీసుకోండి. షాపతను ఏదైనా ఒకటే అన్నా వినొద్దు.

పని సోమవారం మొదలుపెట్టండి, ఆ వారం, అవసరమైతే తర్వాతి శని, ఆదివారాలు కూడా బుకింగులు ఆపుకోండి. నష్టమే, నాకు తెలుసు, కానీ ఈ వైద్యం జరిగేటప్పుడు నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు, క్లోరిన్ లేని నీళ్లలోకి పిల్లల్ని దించకూడదు. క్లోరిన్ వెయ్యడం ఆపేస్తే ఎండకే అది తగ్గిపోతుంది. టెస్ట్ కిట్‌లో దాదాపు సున్నా చూపించాక, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 దగ్గర ఉందో లేదో చూసుకుని, మోటారు ఆన్ చేసి, పొడిని పూల్ చుట్టూ నడుస్తూ మరకలున్న వైపు కాస్త ఎక్కువగా చల్లండి. క్లోరిన్ ఉండగా చల్లితే ఆ పొడి క్లోరిన్‌తో పోట్లాడి ఖర్చయిపోతుంది, మరక జోలికే పోదు, డబ్బు దండగ. సరిగ్గా చేస్తే అరగంట నుంచి కొన్ని గంటల్లోపే మెట్ల మీద నీలం మళ్లీ బయటపడుతుంది.

ఇక్కడే చాలామంది సంబరపడి ఆపేస్తారు. మరక పోలేదమ్మా, లైనర్ మీద నుంచి మళ్లీ నీళ్లలోకి వెళ్లిందంతే. ఇప్పుడు గబగబా బ్లీచింగ్ కొట్టారంటే రేపటికి తిరిగొచ్చి అదే మెట్టు మీద కూర్చుంటుంది. అందుకే వెంటనే, ఆ రోజే, పూల్ సామాన్ల షాపులో దొరికే సీక్వెస్ట్రెంట్ వెయ్యాలి. అది నీళ్లలో ఉన్న లోహాన్ని పట్టి ఉంచి మళ్లీ మరకగా దిగకుండా చేస్తుంది. డబ్బా మీద హెచ్ఈడీపీ అని ఉన్నది చూడండి. ఆక్వా షాపుల్లో ఈడీటీఏ కూడా అమ్ముతారు, అదీ లోహాన్ని పడుతుంది, కాకపోతే క్లోరిన్ తగిలితే అది విరిగిపోతుంది కాబట్టి పూల్‌కి అంత నమ్మకం కాదు. వేశాక ఒక రోజంతా మోటారు నడిపి, ఫిల్టర్‌ని బ్యాక్‌వాష్ చెయ్యండి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి కడగండి.

ఆ తర్వాత క్లోరిన్. ద్రవంగా దొరికే హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ అయితే మంచిది, రోజుకి కొద్దికొద్దిగా, సాయంత్రం పూట. మొదటి రెండు రోజులు ఎంత వేసినా కిట్‌లో సున్నానే చూపించొచ్చు, మిగిలిపోయిన విటమిన్ సి దాన్ని తినేస్తుంది. కంగారుపడి డబ్బా మొత్తం పొయ్యొద్దు. పీహెచ్ పడిపోయి ఉంటుంది, దాన్ని కూడా సోడా యాష్‌తో ఒకేసారి కాకుండా మెల్లగా 7.2 నుంచి 7.4 మధ్యకి తేవాలి. క్లోరిన్ లీటరుకి 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య నిలబడ్డాకే గెస్టుల్ని రానివ్వండి. మన ఎండలకి, క్లోరిన్ లేని ఆ నాలుగు రోజుల్లో నీళ్లు పచ్చబడే ప్రమాదం ఉంది కాబట్టి పాచి రాకుండా వేసే మందు ముందే కొని పెట్టుకోండి, కానీ అందులో రాగి ఉండకూడదు. పాలీక్వాట్ అని అడగండి.

ఇంత చేసినా మళ్లీ అదే బోరు నీళ్లు పోస్తే మళ్లీ అదే మరక. కాబట్టి ముందు నీళ్లు చూసుకోండి. తెల్ల బకెట్‌లో బోరు నీళ్లు పట్టి, రెండు మూతల హైపో కలిపి రాత్రంతా ఉంచితే తెల్లారి అడుగున చేరే మడ్డే మీకు చెబుతుంది. అంకెల్లో కావాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల నీటి పరీక్ష ల్యాబ్‌లో ఇవ్వండి, ఇనుముతో పాటు మాంగనీసు, గట్టిదనం కూడా చూడమనండి. ఇనుము ఎక్కువుంటే దారులు రెండే. మంచినీళ్ల ట్యాంకర్ పెట్టించుకోవడం ఒకటి. రెండోది బోరు నీళ్లని ముందు సంపులోకి ఎత్తుపోసి గాలి తగలనిచ్చి, మడ్డి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే పూల్‌లోకి తోడుకోవడం. బోరుకి ఇనుము తీసే ఫిల్టర్ పెట్టించుకుంటే ఇంకా సుఖం. ఎండాకాలం ఆవిరైన నీటికి రోజూ కాస్త కాస్త పోస్తూ ఉంటాం కదా, ఆవిరయ్యేది నీళ్లే, ఇనుము పూల్‌లోనే మిగిలిపోతుంది, అలా నెలల తరబడి పేరుకుంటుంది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

బ్లీచింగ్ పౌడర్ గురించి కూడా ఒక మాట. చెరువు పనికి అలవాటుపడ్డవాళ్లు దాన్ని గట్టు మీద నుంచి చేత్తో విసిరేస్తారు. చెరువులో వేసే నల్ల హెచ్‌డీపీఈ షీటు వేరు, మీ పూల్ లైనర్ వేరు. కరగని పలుకులు లైనర్ మీద పడి ఉన్నచోట రంగు పోయి తెల్ల చుక్కలు పడతాయి, అవి మరకలు కావు, రంగు పోవడం, ఇంక ఏ మందుకీ తిరిగిరావు. వెయ్యక తప్పకపోతే ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలో పౌడర్ కలిపి, తేరనిచ్చి పై నీళ్లే పొయ్యండి. నీళ్లలో పౌడర్ వెయ్యాలి కానీ పౌడర్ మీద నీళ్లు పొయ్యకూడదు. క్లోరిన్ బిళ్లలు వాడేవాళ్లు ఆ బకెట్‌లో, ఆ చెంచాతో బ్లీచింగ్ ముట్టుకోవద్దు, రెండు రకాల క్లోరిన్ కలిస్తే మంటలు లేస్తాయి.

నీటి అంచున జిడ్డు చార తేలిక. తలకి రాసుకున్న కొబ్బరి నూనె, ఒంటికి పూసుకున్న క్రీములు, చెమట అన్నీ తేలి అక్కడే పట్టుకుంటాయి. నీళ్లు ఒక బెత్తెడు తగ్గించి, వంట సోడా తడిపి ముద్ద చేసి మెత్తటి బట్టతో తుడవండి. కొబ్బరి పీచు, స్టీలు పీచు, గిన్నెలు తోమే పౌడర్, కిరోసిన్, థిన్నర్ వీటిలో ఏదీ తగలనివ్వొద్దు. అసలు మందు ఏంటంటే పూల్ పక్కన ఒక షవర్ పెట్టి, దిగే ముందు స్నానం చెయ్యమని బోర్డు పెట్టడం.

నల్ల మచ్చలకి విటమిన్ సి మాత్ర పనిచెయ్యకపోతే, బ్రష్‌కి కదలకపోతే, అంచులు మసకగా ఉంటే అవి లైనర్ కింది నుంచి వస్తున్నాయి. కింద ఇసుకలో మిగిలిపోయిన వేరు, ఆకు, గడ్డి కుళ్లి, అక్కడ పెరిగే బూజు రంగు షీటులోంచి పైకి దిగుతుంది. కొన్ని లైనర్లలో ఇదే గులాబీ రంగులో కనిపిస్తుంది. క్లోరిన్ ఎక్కువ ఉన్నప్పుడు కాస్త వెలిసినట్టు కనిపించి మళ్లీ వస్తుంది. పైనుంచి ఎంత తోమినా దానికి మందు లేదు, లైనర్ మార్చేటప్పుడు కింద శుభ్రం చేయించుకోవడమే. ఈత కొట్టడానికి దానివల్ల ఇబ్బంది లేదు, చూడటానికే బాగుండదు. ఆ ఒక్క మూల కోసం మంచిగా ఉన్న లైనర్ పీకించెయ్యొద్దు, బాగా చూసుకుంటే లైనర్ పదేళ్ల దాకా వస్తుంది.

ప్రశ్న: మాది ఒంగోలు. మా చెల్లెలి పెళ్లికి ముందు హల్దీ ఫంక్షన్ కోసం కొత్తపట్నం వైపు బీచ్ దగ్గర ఒక ఇల్లు ఒక రోజుకి తీసుకున్నాం. పసుపు నీళ్లు చల్లుకుంటూ అందరూ పూల్‌లో దూకారు. మర్నాడు మెట్ల దగ్గర లైనర్ పసుపు పచ్చగా అయిందని, లైనర్ మొత్తం మార్చాలని చెప్పి ఓనర్ మా డిపాజిట్ 15,000 రూపాయలు ఇవ్వనంటున్నాడు. పసుపు మరకకి లైనర్ మార్చాలా?

జవాబు: మార్చక్కర్లేదు తమ్ముడూ. పసుపుకి రంగునిచ్చేది కర్‌క్యుమిన్. అది బట్టకి పట్టినా ప్లాస్టిక్ డబ్బాకి పట్టినా ఎండకి వెలిసిపోతుంది, మీ ఇంట్లో అమ్మని అడిగినా చెబుతుంది. పైగా పూల్‌లో క్లోరిన్ కూడా ఉంటుంది, అదీ ఆ రంగుని విరగ్గొడుతుంది. ఓనర్ చెయ్యాల్సిందల్లా ముందు అడుగున పేరుకున్న పసుపు పొడిని వాక్యూమ్ చేయించడం, ఫిల్టర్ శుభ్రం చెయ్యడం, క్లోరిన్‌ని లీటరుకి 3 మిల్లీగ్రాముల దగ్గర నిలబెట్టి, పైన కవర్ కప్పకుండా ఎండ తగలనివ్వడం. రోజుకొకసారి మెత్తటి బ్రష్. పీవీసీలోకి కాస్త ఇంకి ఉంటుంది కాబట్టి ఒక్కరోజులో పోదు, వారం పది రోజులు పట్టొచ్చు, పోతుంది మాత్రం ఖాయం. సబ్బు వెయ్యొద్దని చెప్పండి, సబ్బు, సోడా లాంటివి తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి గిన్నెలో సున్నం పడ్డప్పుడు చూసే ఉంటారు, అప్పుడు ఓనర్ ఇంకా భయపడతాడు. కుంకుమ కూడా పడి ఉంటే మాత్రం చెప్పలేం, ఈ రోజుల్లో చాలా కుంకుమల్లో కృత్రిమ రంగు ఉంటుంది, అది పసుపంత తొందరగా లొంగదు.

డబ్బు సంగతికొస్తే, అడక్కుండా పూల్‌లో పసుపు కలిపింది మీవాళ్లే కాబట్టి శుభ్రం చేయించే ఖర్చు, ఆ నీళ్లు తేరేదాకా పూల్ మూసి ఉంచాల్సి వస్తే ఆ నష్టం మీరు ఇవ్వడం న్యాయం. అది ఆయన్ని లెక్క రాసి ఇవ్వమనండి. ఎన్నేళ్ల లైనరో చెప్పకుండా కొత్త లైనర్ ఖరీదు మీ నెత్తిన వెయ్యడం మాత్రం న్యాయం కాదు. దిగేరోజు మీరు తీసుకున్న ఫోటోల్లో పూల్ కనిపిస్తే వెతికి పెట్టుకోండి, అంతకు ముందే ఉన్న మరకలేవో బయటపడతాయి. పది రోజులాగి మళ్లీ చూద్దామని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో అరుచుకోవద్దు. అప్పటికీ మరక పోయి కూడా డబ్బివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది.

అద్దెకిచ్చేవాళ్లకి కూడా ఇక్కడే చెబుతున్నాను. హల్దీ ఫంక్షన్లు ఇప్పుడు ఆగేవి కావు. పూల్ దగ్గర వద్దని అద్దె కాగితంలో రాసుకోండి, వాళ్లకి గట్టు మీద విడిగా ఒక చోటు, రెండు డ్రమ్ముల నీళ్లు, ఒక షవర్ ఏర్పాటు చేసి పెట్టండి. ఫంక్షన్ అయ్యాక అడుగున పడిన పిన్నీసులు, తలపిన్నులు, చిల్లర నాణేలు ఆ రాత్రే ఏరించండి. ఒక పిన్నీసు రెండు రోజులు అక్కడే ఉంటే దాని ఆకారంలోనే తుప్పు మరక పడుతుంది, చిల్లు కూడా పడొచ్చు. అలాంటి చిన్న మరకకి పూల్ మొత్తం వైద్యం అక్కర్లేదు, పాత సాక్సులో విటమిన్ సి మాత్రలు నలిపి వేసి మూటకట్టి దాని మీద పెట్టి ఉంచితే వదిలేస్తుంది.

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర తోటలో మాకు అద్దె ఇల్లు ఉంది, పూల్ చుట్టూ సర్వి చెట్లు, ఒక బాదం చెట్టు. లైనర్ మీద ఆకు ఆకారంలో మరకలు పడ్డాయి. దీపావళి అయ్యాక నీళ్లన్నీ తోడేసి, రెండు మూడు రోజులు ఎండబెట్టి కడిగిద్దామని అనుకుంటున్నాను. సరైన పనేనా?

జవాబు: కాదు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. సిమెంటు తొట్టిని ఖాళీ చేసినట్టు లైనర్ పూల్‌ని ఖాళీ చెయ్యకూడదు. లైనర్‌ని గోడకి, అడుగుకి అదిమి పట్టి ఉంచేది నీళ్ల బరువే. నీళ్లు తీసి ఎండలో వదిలితే పాత షీటు ముడుచుకుపోతుంది, మళ్లీ నింపితే మూలల దగ్గర సాగక చినుగుతుంది. ఇక మీరు ఎంచుకున్న సమయం అన్నిటికంటే ప్రమాదం. మన రెండు జిల్లాలకీ అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను పడిందంటే తీరం దగ్గర భూమిలో నీళ్లు చేతికందే ఎత్తుకి వచ్చేస్తాయి. పూల్ ఖాళీగా ఉంటే ఆ నీళ్లు కింది నుంచి లైనర్‌ని పైకి ఎత్తేస్తాయి, పక్క గోడలు లోపలికి ఒరిగినా ఆశ్చర్యం లేదు. మరక కోసం పోయి పూల్ పోగొట్టుకున్నట్టవుతుంది. వానల తర్వాత అడుగున కొత్తగా ముడతలు కనిపించినా, లైనర్ తేలుతున్నట్టు మెత్తగా ఉన్నా అది కింద చేరిన నీళ్ల పనే, అప్పుడు పైనుంచి నీళ్లు తియ్యకుండా, పక్కన గుంత తవ్వి అందులోంచి తోడించాలి.

మీ మరకలు బాదం ఆకులవి. బాదం ఆకులో, సర్వి బెరడులో కషాయం లాంటి రంగు దిగే టానిన్ ఎక్కువ, ఎర్రబడి రాలిన బాదం ఆకు ఒక్క రాత్రి అడుగున ఉంటే చాలు. దీనికి లోహం మందులు, విటమిన్ సి పనికిరావు, క్లోరినే మందు. పీహెచ్ 7.2 దగ్గరికి తెచ్చి, హైపోతో క్లోరిన్ మామూలు కంటే కాస్త పైన, లీటరుకి 4, 5 మిల్లీగ్రాముల దగ్గర నిలబెట్టి మూడు నాలుగు రోజులు మెత్తటి నైలాన్ బ్రష్‌తో రోజూ తోమించండి, ఆ రోజుల్లో ఎవర్నీ దించొద్దు. ఆకు ఆకారం అలా అలా మసకబారి పోతుంది. క్లోరిన్ పెంచే ముందు మీ నీళ్లలో ఇనుము లేదని పైన చెప్పిన బకెట్ పరీక్షతో చూసుకోండి, ఉంటే ఆకు మరక పోయి తుప్పు మరక వస్తుంది. బాదం చెట్టు కొట్టించమని నేను చెప్పను, పూల్ వైపు వంగిన కొమ్మలు తీయించి, రోజూ పొద్దున వలతో ఆకులు తీసే బాధ్యత ఒక మనిషికి అప్పజెప్పండి. గెస్టులు లేని రోజుల్లో కవర్ కప్పినా సగం బాధ తప్పుతుంది.

ప్రశ్న: గూడూరు దగ్గర ఫామ్‌హౌస్. పాచి పట్టకుండా మా మేస్త్రీ మైలుతుత్తం వేశాడు. పాచి పోయింది, ఇప్పుడు లైనర్ మీద నీలం ఆకుపచ్చ మరకలు. మా అమ్మాయి జుట్టు కూడా పచ్చగా అయింది. ఇది ప్రమాదమా?

జవాబు: మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పాచిని చంపుతుంది నిజమే, కానీ అందులోని రాగి ఎక్కడికీ పోదు, నీళ్లలోనే ఉండి రాగి చెంబుకి పట్టే చిలుము లాగా లైనర్‌కి పడుతుంది, తెల్లజుట్టుకీ, రంగు వేసిన జుట్టుకీ కూడా పట్టుకుంటుంది. విటమిన్ సి మాత్ర పరీక్ష చెయ్యండి, దానికి మరక అంతగా కదలకపోతే కొద్దిగా నిమ్మ ఉప్పు గుడ్డలో కట్టి అదే చోట పెట్టి చూడండి, రాగి మరకకి అది బాగా పనిచేస్తుంది. మరక వదిలాక మైపాడు వాళ్లకి చెప్పినట్టే సీక్వెస్ట్రెంట్ వెయ్యాలి. రాగి బాగా ఎక్కువుంటే నీళ్లలో కొంత భాగం, పావు వంతు కంటే ఎక్కువ కాకుండా, తీసి కొత్త నీళ్లు నింపుతూ విడతలవారీగా తగ్గించుకోండి. తీసిన నీళ్లు చేపల కుంటలోకో, రొయ్యల చెరువు కాలువలోకో పోనివ్వొద్దు, రాగి వాటికి విషం. అమ్మాయి జుట్టుకి భయం లేదు, ఈతకి ముందు మంచినీళ్లతో జుట్టు తడుపుకుని టోపీ పెట్టుకోమనండి. ఎంత రాగి ఉందో ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా పిల్లలు ఆ నీళ్లు మింగకుండా చూసుకోండి. మేస్త్రీ దగ్గర మిగిలిన మైలుతుత్తం ఉంటే మళ్లీ వాడకుండా తీసేసుకోండి. క్లోరిన్ రోజూ 1 నుంచి 3 మధ్య నిలబడితే పాచి పట్టదు, ఇంక వేరే మందే అక్కర్లేదు.